అటకల శౌరయ్య బావ

మా శౌరయ్య బావ ఎవరింటికెళ్లినా ఇంటివాళ్ల మొహం చూడడు. అటక చూస్తాడు.

కూర్చోమంటే కూర్చోడు. మంచినీళ్లిస్తే మాత్రం పుచ్చుకుంటాడు. అదీ దాహమై కాదు, గ్లాసెత్తి గటగటా తాగుతూ ఆ వంకన పైకి చూడొచ్చని. గ్లాసు దించీ దించగానే అడిగేస్తాడు. "అటక మీద పాత గ్రామఫోను ప్లేట్లేమైనా పడున్నాయాండీ?"

మా అక్క తెరేసమ్మ పెళ్లిచూపుల్లోనూ ఇదే తంతు. అక్క కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి ఎదురుగా నిలబడితే ఈయన దూలాల వంక చూస్తున్నాడు. "పాపం, అబ్బాయికి మెడ పట్టేసినట్టుంది" అంది మా అమ్మ లోపలికొచ్చి. పిల్ల నచ్చిందా బాబూ అని నాన్న అడిగితే, "నచ్చిందండీ. ఆ పైన తాడుతో కట్టిన పెట్టెలో ఏముందండీ?" అన్నాడు. అందులో ఉన్నవి క్రిస్మస్ పాకలో పెట్టే మట్టిబొమ్మలు. పెళ్లయ్యాక స్వయంగా దింపి చూసుకోవచ్చని నాన్న మాటిస్తే గానీ సంబంధం ఖాయం కాలేదు. నేను కల్పించి చెప్పటం లేదు. ఈ సంగతి ఎత్తిపొడవకుండా మా అక్క ఇప్పటికీ ఆయనకి అన్నం వడ్డించదు.

ఈ పిచ్చికంతటికీ కారణం గుసగుసల పోలరాజు. ఒకప్పుడు మా కృష్ణా జిల్లాలో గ్రామఫోను ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆయన ప్లేటుండేది. మిగతా పాటగాళ్లంతా చివరి వరసలో చెవిటాయనకి కూడా వినపడాలని గొంతు చించుకునే రోజుల్లో, ఈయన మైకు దగ్గరికి జరిగి, పక్కింటి సంగతి మన చెవిలో చెప్తున్నట్టు మెత్తగా పాడేవాడు. మధ్యలో పాటాపేసి కోడిలా కూసేవాడు, టిక్కెట్టు కలెక్టరులా గద్దించేవాడు, వాయిద్యగాళ్లతో మేలమాడేవాడు. ఆనక ఏమీ ఎరగనట్టు మళ్లీ పాటందుకునేవాడు. తర్వాత్తర్వాత సినిమా పాటల హోరులో జనం ఆయన్ని మర్చిపోయారు. మా బావ మర్చిపోలేదు.

రైల్వేలో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికితే చాలు అటకలెక్కి, పోలరాజు ప్లేట్లన్నీ పోగేశాడు. ఒక్కటి తప్ప. దాని పేరు 'పడవలో పెళ్లివారు'. పంతొమ్మిదివందల డెబ్భైల్లోకి వచ్చేసరికి ఆయన బతుకంతా ఆ ఒక్క ప్లేటు చుట్టూనే తిరగటం మొదలెట్టింది.

"ఒక్కటి లేకపోతే కొంపలు మునుగుతాయా బావా? మిగతావన్నీ ఉన్నాయిగా?" అన్నాను ఒకసారి, ఒళ్లు మండి.

"అదే కావాల్రా అంతోనీ."

"ఎందుకంట?"

"కావాలి."

ఇంకేం మాట్లాడతాం ఆ మనిషితో!

ప్రతి ఆదివారం పూజయ్యాక, గుణదల కొండ కింద కొవ్వొత్తులమ్మే అమలమ్మ దగ్గర ఆగుతాడు. ఆవిడ పండు ముసలిది, నోరు మాత్రం పదును. "దొరికిందా బాబూ?" అంటుంది. "దొరుకుద్ది పిన్నీ" అంటాడు ఈయన. "నేను పైకి పోయాకా?" అంటుంది. "నేనుండగా నువ్వెక్కడికి పోతావు, కూర్చో" అంటాడు. ఈయన పిచ్చి కొవ్వొత్తులమ్మే ఆవిడకి కూడా తెలిసిపోయి ఆటపట్టిస్తోందని నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒకసారి భవానీపురంలో బసవపున్నయ్య గారి నాన్న పోతే పలకరించడానికెళ్లాం. బావ నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. నాకు ముచ్చటేసింది. ఇంతలో ఆ తడికళ్లు మెల్లిగా పైకి లేవటం మొదలెట్టాయి. నేను తొడపాశం పెట్టాను. లాభం లేదు.

"పెద్దాయనకి పాటలంటే ఇష్టమాండీ?"

"ప్రాణమండీ" అన్నాడు బసవపున్నయ్య గారు వెక్కుతూ.

"అయితే అటక మీద..."

ఆ పరిస్థితిలో కాదనలేక ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు. పైనుంచి ఊయల చెక్కలు, చిల్లుపడ్డ గంగాళం, దిమ్మతిరిగిన ఎలకా దిగాయి. చివర్న బూజుతో తల తెల్లబడిన మా బావ దిగాడు. ఏడుస్తున్న ఆడవాళ్లు ఆయన్ని చూసి కొంగులు అడ్డం పెట్టుకున్నారు, ఏడుపాపుకోలేక కాదు.

ఆ తర్వాత గుణదల తిరునాళ్లొచ్చింది. ఊళ్లూళ్ల జనం, తప్పిపోయిన పిల్లల గురించి ఆగకుండా చెప్తూ మైకు. ఆ మైకు ముందు కూర్చున్న జాన్‌బాబుని బావ ఏం చెప్పి పట్టాడో ఏమో, ఉన్నట్టుండి వినపడింది. "తప్పిపోయింది! గుసగుసల పోలరాజు గారి 'పడవలో పెళ్లివారు'! నల్లగా గుండ్రంగా ఉంటుంది, మధ్యలో ఎర్ర కాగితం. చూసినవాళ్లు వెంటనే మైకు దగ్గరికి రావలెను!" ఫాదరు గారు పరుగున వచ్చి మైకు లాక్కునే లోపల బావ మూడుసార్లూ చెప్పించేశాడు.

అయ్యా, అది పని చేసింది! కైకలూరు నుంచి వచ్చిన పుల్లయ్య అనే ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చి, "మా ఇంట్లో ఉందండీ. రోజూ చూస్తూనే ఉన్నాం" అన్నాడు. బావ ఆయన్ని కావిలించుకున్న తీరుకి, ఎవరో తప్పిపోయిన అన్నదమ్ములనుకుని పక్కావిడ సిలువ గుర్తు వేసుకుంది.

మర్నాడే రైలెక్కి కైకలూరు దిగాం. పుల్లయ్య భార్య అంకాలమ్మ మర్యాదగా మంచినీళ్లిచ్చింది. బావ గ్లాసెత్తి అటక చూస్తుంటే, "అక్కడ కాదండీ, ఇటు" అంటూ అద్దాల బీరువా చూపించింది.

అందులో ఉంది 'పడవలో పెళ్లివారు'. అంచులు తామరాకులా పైకి లేచి, మడతలు తిరిగి, నిండా ప్లాస్టిక్ అరటిపళ్లు, ద్రాక్షగుత్తులతో.

"వేన్నీళ్లలో ముంచి, గిన్నె మీద బోర్లించి, మెత్తగా ఉండగానే అంచులిట్టా నొక్కానండీ" అంది అంకాలమ్మ మురిసిపోతూ. "మా వీధి వీధంతా నా దగ్గరే నేర్చుకున్నారు. ఇప్పుడిక్కడ ఒక్క ప్లేటన్నా మిగిలితే ఒట్టు!"

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇవ్వమ్మా" అన్నాడు ఎట్టాగో. ఆవిడ మంచిది. పళ్లు లేకపోతే బోసిగా ఉంటుందని వాటితో సహా ఇచ్చింది. తిరుగు ప్రయాణమంతా బావ దాన్ని ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. ద్రాక్షలు ఎక్కడ కొన్నారని రైలు పెట్టెలో జనమంతా నన్ను అడగటం.

"ఇంక వదిలెయ్ బావా. చక్కగా టేబులు మీద పెట్టుకో" అన్నాను.

"వేన్నీళ్లకి వంగింది వేన్నీళ్లకే సాగుద్ది" అన్నాడు పళ్లు బిగించి.

గుణదలలో మా అక్క వంటిల్లు ఆ వారమంతా కుదేలైంది. ప్లేటు వేన్నీళ్ల కాగులోంచి తీస్తారు, రెండు చెక్కల మధ్య పెడతారు, పైన రుబ్బురోలు పొత్రం ఎత్తుతారు. లేచి చూస్తే ఓ పక్క దిగింది, ఇంకో పక్క లేచింది. మళ్లీ కాగు. "ఇడ్లీ పిండి దేంతో రుబ్బను? నా తలతోనా?" అని అరిచిన మా అక్కే, "అట్టా కాదు, మీరు తప్పుకోండి" అని ఆఖరికి తనే కూర్చుని సాపు చేసింది. అంచు ఒకచోట పెచ్చు ఊడింది. నడిమి భాగం మాత్రం గిన్నెకి అడుగులా ఉండటం వల్ల కాస్త బాగానే మిగిలింది.

"ఆఖరి మాటలు అక్కడే ఉంటాయి. చాలు" అన్నాడు బావ. ఆదివారం గ్రామఫోను నా నెత్తికెత్తి, తీసుకెళ్లింది ఎక్కడికనుకున్నారు? అమలమ్మ ఇంటికి.

అప్పుడు చెప్పింది ఆవిడ. వాళ్లాయన ఆమోసు పోలరాజు బృందంలో హార్మోనియం వాయించేవాడట. మద్రాసులో ఈ పాటిచ్చి వచ్చిన రోజు, "నీ పేరు ప్లేట్లో ఆఖర్న చెప్పానే" అన్నాడట. "తాగొచ్చి కోతలు కొయ్యకు" అని ఈవిడ ఆ పూట చేపల పులుసు పెట్టలేదట. నిజమో అబద్ధమో తేలకుండానే ఆయన జ్వరమొచ్చి పోయాడు. ఫొటో ఒక్కటన్నా లేదు.

"నిజంగా అన్నాడో లేదో ఒక్కసారి తెలిస్తే చాలు బాబూ" అంది, నవ్వుతూనే. ఇన్నాళ్లూ నేను ఎగతాళి అనుకున్న 'దొరికిందా బాబూ' ఇదన్నమాట.

బావ కీ ఇచ్చి, పెచ్చు దాటించి ముల్లు పెట్టాడు. గరగర. పోలరాజు గొంతు అలలెక్కి దిగుతున్న పడవలా ఊగుతూ వచ్చింది. ఉన్నట్టుండి పాటాపేసి, "ఏవయ్యా ఆమోసూ, శ్రుతి తప్పుతున్నావేం?" అన్నాడు. ఆ వెనకనించి ఇంకో గొంతు, సాగుతూ, తూలుతూ: "మా-ఆ అమల-అమ్మ-అ చేపల పు-ఉలుసు గుర్తొచ్చింది బా-ఆబూ!"

గరగర. అయిపోయింది.

బావ నొచ్చుకుంటూ, "ఆ ఊగుడు ప్లేటు వంకర పిన్నీ, ఆయన గొంతు..." అని ఏదో చెప్పబోయాడు.

"నీకు తెలీదు ఊరుకో!" అని కసిరింది ఆవిడ. "ఆ ఊగుడు నాకు తెలీదా! ప్లేట్లో కూడా తాగే చెప్పాడు సచ్చినోడు!" అని పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుని, "నిజమే చెప్పాడు గానీ. ఇంకోసారి పెట్టు బాబూ" అంది.

పెట్టాడు. మళ్లీ పెట్టాడు. లేచేటప్పుడు నేను గ్రామఫోను ఎత్తబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీరా. ప్లేటొక్కటే ఉంచితే మళ్లీ పళ్లు పెట్టుకోవాలి."

పై వారం ఒక పెళ్లికి వెళ్లాం. ఇంటావిడ మంచినీళ్లిచ్చింది. బావ గ్లాసెత్తాడు. కళ్లు తిన్నగా అటక మీదికి పోయాయి.

"ఇంకా ఏం ప్లేటు బావా?" అన్నాను, నెత్తి కొట్టుకుంటూ.

"ప్లేట్లకేం, ఉన్నాయిరా" అన్నాడు. "వినటానికి గ్రామఫోను పెట్టె కావాలిగా!"