అమ్మ మానేసిన ఇంగ్లీషు

మా అమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ ఇంగ్లీషు మాటలంటే ఆమెకున్నంత సరదా నేను మరెవరిలోనూ చూడలేదు. భోగాపురం దగ్గర మా ఊళ్ళో నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపల గంప ఎత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేది. సాయంత్రం కాళ్ళు కడుక్కుని కూర్చోగానే నేను బళ్ళో నేర్చుకున్న కొత్త మాట ఒకటి చెప్పాలి. మోకాలిని 'నీ' అంటారనీ, దాని ముందు 'కె' రాస్తారు గానీ పలకరనీ చెబితే ఒక పట్టాన నమ్మలేదు.

"పలకనప్పుడు రాయడం దేనికే? తెడ్డు పట్టనోణ్ణి పడవెక్కించినట్టు!" అంది.

వలని 'నెట్' అంటారని కూడా నేనే చెప్పాను. కాలేజీలో చేరాక ఒకసారి ఫోనులో నెట్ రావడం లేదని విసుక్కుంటే, "ఆ నెట్టులో ఏ సేపలు పడతాయో గానీ, సిరిగితే ఇలాగియ్యి, మీ నాన్న కుట్టెత్తాడు" అంది.

ఎచ్చెర్లలో ఎమ్మే ఇంగ్లీషు చదువుతున్నప్పుడు ఈ మాట నా పక్క బెంచీ అబ్బాయికి చెప్పాను. విజయనగరంలో లాయరుగారి కొడుకు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. అప్పట్నుంచీ నేను ఇంటికి వెళ్ళొచ్చినప్పుడల్లా "మీ అమ్మగారు ఈసారి ఏమన్నారు?" అని అడిగేవాడు. రెండర్థాలొచ్చే ఇంగ్లీషు మాటలు ఏరి ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. క్లాసులో పాఠం నడుస్తుంటే పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకునేవాళ్ళం. చదువయ్యాక పెళ్ళి చేసుకున్నాం. నిజానికి మమ్మల్ని కలిపింది అమ్మ మాటలే.

పాప మొదటి పుట్టినరోజుకి అమ్మ విజయనగరం వచ్చింది. నా భర్త పనిచేసే కాలేజీ నుంచి లెక్చరర్లు భోజనానికి వచ్చారు. ఊరికే కూర్చోవడం చేతకాక అమ్మ కూర గిన్నె అందుకుని ముందుగదిలోకి వెళ్ళింది.

"సికెను ఇంకొంచెం ఎయ్యమంతారా బాబూ?" అని ఒకాయన్ని అడిగింది. మా వైపు 'చ' నాలుక మీద 'స' అయిపోతుంది.

"విన్నారా? మా అత్తయ్యగారు సిక్ హెన్ వడ్డిస్తున్నారు. జబ్బు కోడి! ఆలోచించుకుని తినండి" అన్నాడు నా భర్త.

గదంతా నవ్వింది. అందరూ నవ్వుతున్నారని అమ్మ కూడా నవ్వింది. వంటింట్లోకొచ్చి గిన్నె దింపుతూ, "ఏటే, అల్లుడుగారు ఏటన్నారు?" అని ఆశగా అడిగింది. కొత్త మాట చెబుతానని ఎదురు చూసే పాత ముఖమే అది. ఆమెకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. విడమరిచి చెప్పాను.

అమ్మ చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. "అల్లుడుగారు తెలివైనోరు" అని మాత్రం అంది. పాప కేకు కొయ్యకముందే బస్సుందని బయల్దేరింది.

అందరూ వెళ్ళాక, అలా ఎందుకన్నావని నా భర్తని అడిగాను.

"సరదాకన్నాను. పెళ్ళికి ముందు ఇలాంటివి మనం ఎన్ని అనుకోలేదు?" అన్నాడతను.

"అప్పుడు అమ్మ వేసిన జోకుకి నవ్వాం. ఇవాళ నువ్వు అమ్మని చూపించి నవ్వించావు."

"నీకు హాస్యం బొత్తిగా పోయింది" అని టీవీ పెట్టుకున్నాడు.

దూరంగా ఉన్నన్నాళ్ళూ అమ్మ మాటలు అతనికి ముద్దొచ్చాయి. తన ఇంట్లో, తన స్నేహితుల ముందు వినబడేసరికి ఆ గొంతుకి అతను సిగ్గుపడ్డాడు. సిగ్గు కప్పుకోవడానికి జోకు దొరికింది. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు ఎమ్మే అక్కర్లేదు.

అమ్మ మళ్ళీ మా ఇంటికి రాలేదు. మొన్న నేనే పాపని తీసుకుని వెళ్ళాను. చెట్టు బెరడుకీ కుక్క అరుపుకీ ఇంగ్లీషులో ఒకటే మాట, 'బార్క్' అని చెప్పాను. మునుపైతే ఏదో ఒకటి అనకుండా వదిలేది కాదు.

"మీ ఇంగ్లీసు మీకే బాగుంటాదమ్మా" అని లేచి ఎండుచేపలు తిరగెయ్యడానికి వెళ్ళింది.

నన్నెప్పుడూ 'ఒసే' అని పిలిచే మనిషి. ఆ 'అమ్మా' అన్న పిలుపులో ఉన్న మర్యాద నేను ఇప్పటికీ మింగలేకపోతున్నాను.