వంతెన మీద ఊ కొట్టిన మనిషి

కుట్టుమిషన్లు బాగుచేసే తాతకు చెవులు రెండూ భేషుగ్గా పనిచేసేవి. పక్కగదిలో మిషన్ తొక్కుతుంటే, లోపల ఏది వదులైందో గోడ ఇవతలి నుంచే పసిగట్టేవాడు. అలాంటి మనిషికి లోకంలో వినపడనిది ఒక్కటే, బండి వెనక సీటు మీంచి అమ్మమ్మ చెప్పే మాట.

తప్పు చెవులది కాదు, గాలిది. కొంత హెల్మెట్‌ది. మిగతాది తాతదే.

పని ఇద్దరిదీ. మిషన్ విప్పడం, నూనె పెట్టడం, బెల్టు మార్చడం, స్క్రూ బిగించడం తాత వంతు. ఆఖర్న అమ్మమ్మ పాతగుడ్డ ముక్క ఒకటి తీసి, సూది కింద పెట్టి, జానెడు కుట్టు వేసి, వెలుతురుకు పట్టుకుని చూసేది. ఆమె తల ఊపితే పని అయినట్టు. పెదవి విరిస్తే తాత మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకోవాల్సిందే. అందుకని ఊళ్లో ఏ మిషన్ మొరాయించినా ఒకే మోటార్‌సైకిల్ మీద ఇద్దరూ వెళ్లేవారు, మధ్యలో పనిముట్ల పెట్టె పెట్టుకుని.

ఇంట్లో అమ్మమ్మ నోటికి తాళం. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో అత్తగారు, ఆడబిడ్డలు, మరిది అంతా రెండు గదుల్లోనే ఉండేవారు. గుసగుసలాడినా గోడలకంటే ముందు అత్తగారికి తెలిసేది. ఆ భయానికి అలవాటైన మౌనం, అత్తగారు పోయాక కూడా పోలేదు. బండెక్కితే మాత్రం గండి పడినట్టే. వీధి మలుపు తిరగకముందే మొదలుపెట్టేది. తాతకు పదిలో రెండు మాటలు చేరేవి. మిగతా ఎనిమిదీ గాలికి పోయేవి. అన్నిటికీ కలిపి ‘ఊ’ అనేవాడు. ఉప్పు అయిపోయిందన్నా ఊ. పక్కింటాయన కాలు విరిగిందన్నా ఊ. ఒకసారి ‘నా చెప్పు జారిపోయింది, ఆపు’ అంటే కూడా ఊ అని నిమ్మళంగా పోనిచ్చాడు. ఆ రోజు అమ్మమ్మ ఒంటి చెప్పుతో దర్జీ కొట్టు మెట్లెక్కింది. దిగాక ఆమె చూసిన చూపుకు తాత వారం రోజులు కూర బాగుందో లేదో కూడా చెప్పలేదు.

ఊరిని రెండు ముక్కలు చేస్తూ నది, నది మీద పొడుగాటి వంతెన. అక్కడ గాలి మరీ పెంకిది. వంతెన సగానికి వచ్చేసరికి అమ్మమ్మ ఎప్పుడూ ఒక మాట అనేది, చిన్న మాటే. తాత ఊ అనేవాడు. అంతే, అవతలి ఒడ్డు వచ్చేదాకా ఆమె ఇంకేమీ మాట్లాడేది కాదు. అదేం మాటో మొదటిసారే అడిగేస్తే సరిపోయేది. అడగలేదు. రెండోసారీ ఊ అన్నాడు. ఆ తర్వాత అడిగితే, మరి ఇన్నాళ్లూ దేనికి ఊ కొట్టావని నిలదీస్తుందన్న భయం. అలా ముప్పై ఏళ్లు, ఆ మాట వంతెన మీద పుట్టి వంతెన మీదే పోయేది.

కిందటేడు వానల్లో అమ్మమ్మ కుళాయి దగ్గర తడి బండ మీద కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. లోపల కడ్డీ వేశారు. కర్ర సాయంతో నడవొచ్చు, కారులో కూర్చోవచ్చు, కానీ మోటార్‌సైకిల్ వెనక సీటు మాత్రం ఈ జన్మకు లేదని డాక్టరు చెప్పాడు. డాక్టరు ఆ మాట అమ్మమ్మతో చెబుతుంటే తాత కిటికీలోంచి కింద నిలబెట్టిన బండినే చూస్తున్నాడు.

ఇక ఒంటరి తిరుగుడు. వెనక సీటు ఖాళీయే కదా, పెట్టె దానికి కట్టుకోవచ్చు. కట్టుకోలేదు. పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని, మోకాళ్లు రెండు పక్కలకీ చాపి, కప్పలాగా నడిపేవాడు. ఎవరైనా నవ్వితే, నడుముకు ఆసరాగా ఉంటుందని బుకాయించేవాడు. కుట్టు తనే వేసి చూసుకునేవాడు. అది పాము పాకినట్టు వచ్చేది. ‘అక్క రాలేదా?’ అని అడిగేవారు ఆడవాళ్లు. అక్క రాలేదు. అక్క రాక వంతెన కూడా పొడుగైంది. సగానికి రాగానే తాత చెవులు వాటంతటవే వెనక్కి తిరిగేవి. గాలి ఉండేది, మాట ఉండేది కాదు.

ఫోన్ లేదా అంటే ఉంది. ఫోనులో అమ్మమ్మ తంతి కొట్టినట్టు మాట్లాడేది. ‘తిన్నావా? వస్తున్నావా? సరే.’ కట్.

ఒకరోజు సిగ్నల్ దగ్గర పక్క బండి మీద ఓ కుర్రజంట ఆగింది. ఇద్దరికీ హెల్మెట్లు, ఒకరి మొహం ఒకరికి కనపడదు, అయినా ఇద్దరూ ఒకేసారి విరగబడి నవ్వుతున్నారు. ఎవరికి పిచ్చెక్కిందోనని తాత అడిగాడు. హెల్మెట్‌లో వైర్‌లెస్ ఇంటర్‌కమ్ ఉందని చెప్పి, బిళ్లంత స్పీకర్లు, వేలెడంత మైకు, పక్కన నొక్కే మీట చూపించారు. వెనకాల వాళ్లు గొణిగినా చెవిలో చెప్పినట్టే ఉంటుందట.

సిగ్నల్ పచ్చబడింది. వెనక వాళ్లు హారన్లు కొట్టారు. తాత కదల్లేదు.

ఆ సాయంత్రమే జత కొనుక్కొచ్చాడు. ఒకటి తన హెల్మెట్‌కు, ఒకటి అమ్మమ్మ హెల్మెట్‌కు బిగించాడు. ఎంత దూరం పనిచేస్తుందని కొట్టువాణ్ణి అడగలేదు. అడిగితే కాదంటాడేమోనని. తను ఊరంతా తిరుగుతుంటే, ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని అమ్మమ్మ వెనక సీటు మీద ఉన్నట్టే మాట్లాడుతుంది. వంతెన మీదికి చేరగానే ఆ మాట అంటుంది. ఇదీ తాత పథకం.

బేకరీ వ్యాన్ నడిపే కూతురు వచ్చేసరికి, తల్లి హెల్మెట్ పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది.

“అమ్మా, గిన్నె మీదికి లారీ ఏమన్నా వస్తోందా?”

“మీ నాన్న వీధిలో ఉన్నాడు. మాట్లాడుతున్నాం, అడ్డు రాకు.”

అది వీధి చివరి ఐస్ ఫ్యాక్టరీ గోడ దాకా బాగానే మోగింది. గోడ దాటగానే గరగరమంది. అమ్మమ్మ చెవిలో ఎవరో ఆడగొంతు ఇంగ్లిష్‌లో ఒక ముక్క పలికి ఊరుకుంది. సాయంత్రం తాత గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “వెనకాల ఎక్కించుకుంది ఎవర్నయ్యా?” అని. అది ఇంటర్‌కమ్ గొంతని నమ్మించేసరికి అన్నం చల్లారిపోయింది.

ఇంకొకరైతే దాన్ని డబ్బాలో పెట్టి అటకెక్కించేవారు. తాత రోజూ పనయ్యాక ఆ గోడ దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. స్టాండు వేసి, ఇంజిన్ ఆపకుండా, సీటు మీద కూర్చుని యాక్సిలరేటర్ తిప్పుతూ, ఊరంతా తిరుగుతున్నట్టు చెప్పేవాడు. ఇదిగో మార్కెట్ దాటాను, బట్టల కొట్టుకు కొత్త రంగు వేశారు, ఇదిగో గుంతలు, ఇదిగో మలుపు. అమ్మమ్మ నోరు మెల్లగా తెరుచుకుంది. ఆ రంగు నప్పిందా అని అడిగేది, దర్జీ పెళ్లాన్ని ఆడిపోసుకునేది, పాత ఊసులు తవ్వేది. మలుపు వచ్చిందనగానే కుర్చీలో ఓ పక్కకు ఒరిగేదట, కూతురు చూసి చెప్పింది. ఆఖర్న తాత ‘వంతెన వచ్చింది’ అనేవాడు. అని, యాక్సిలరేటర్ వదిలేసి ఊపిరి బిగబట్టేవాడు.

అమ్మమ్మ ఏమీ అనేది కాదు. అవతలి ఒడ్డు చేరేంతసేపు ఆగి, కర్ర టకటకలాడించుకుంటూ వంటింట్లోకి పోయేది.

చివరికి ఒకరోజు తాత ఉండబట్టలేకపోయాడు.

“ఇదిగో, నిన్నే. వంతెన మీద ఏదో అనేదానివి కదా. ఏమనేదానివి?”

బఠాణీ గింజ గిన్నెలో పడిన చప్పుడు చెవిలో వినిపించింది. ఆ తర్వాత అదీ ఆగింది.

“ఊ అనేవాడివిగా.”

“అన్నాను.”

“వినపడకుండానే అన్నావా?”

తాత ఐస్ ఫ్యాక్టరీ గోడ వైపు చూశాడు. గోడ ఆదుకోలేదు.

“గాలి...” అన్నాడు.

“గాలి లేదు, నువ్వు వంతెన మీదా లేవు. గుంతల్లో పోతుంటే పెట్టెలో స్పానర్లు గలగలమనొద్దా? ఐస్ ఫ్యాక్టరీ మోటారు నీతో పాటు ఊరంతా తిరుగుతోందే, దానికీ చక్రాలు పెట్టారా?”

అంటే మొదటిరోజు నుంచే తెలుసు. తెలిసే కుర్చీలో ఒరిగింది. తాతకు సిగ్గేసింది.

“ఇప్పుడైనా చెప్పవే,” అన్నాడు.

“కుర్చీలో కూర్చుని చెప్పే మాట కాదు. అక్కడే చెప్పాలి.” హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత ఫ్యాను తిరిగే చప్పుడు ఒక్కటే.

ఆ ఫ్యాను చప్పుడు వింటూ తాత చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. కారులో కూర్చోవచ్చని డాక్టరు అన్నాడు కదా. కారు లేదు. కూతురి బేకరీ వ్యాన్ ఉంది.

కూతురు మొదట చేతులెత్తేసింది. వ్యాన్‌లో కూర్చున్న మనిషికి హెల్మెట్ ఏమిటి, నా డ్రైవింగ్ చూసి కన్నతల్లే ప్రాణభయంతో పెట్టుకుందని ఊరంతా అనుకోదా అని మొత్తుకుంది. తండ్రి బతిమాలాడు, తల్లి అప్పటికే హెల్మెట్ పట్టీ బిగించుకుంది. మర్నాడు కొట్లకు రొట్టెలు వేసి వచ్చాక, ఖాళీ ట్రేలు వెనక గడగడలాడుతుండగా బయల్దేరారు. ముందు తాత బండి, ఆ వెనకే వ్యాన్. ఐస్ ఫ్యాక్టరీ గోడ దాటారు. ఈసారి గరగర రాలేదు.

మార్కెట్ దాకా అమ్మమ్మ పలకలేదు. అన్నేళ్లు కలిసి తిరిగినా, దూరం నుంచి అతని వీపు చూడటం ఆమెకు ఇదే మొదలు. ఇన్నాళ్లూ అది మరీ దగ్గరగా ఉండేది.

“చొక్కా కాలరు చిరిగిందయ్యా,” అంది.

“ఊ.”

“పెట్టె ముందెందుకు పెట్టుకున్నావు? వెనక అంత చోటుందిగా.”

తాత ఊ అనలేదు. అమ్మమ్మ కాసేపు ఆ ఖాళీ సీటు వంక చూసింది. తర్వాత తల కిటికీ వైపు తిప్పుకుంది. హెల్మెట్ అద్దం దించి ఉండటంతో కూతురికి తల్లి మొహం కనపడలేదు.

వంతెన వచ్చింది. గాలి ఎప్పటిలాగే విరుచుకుపడింది, కానీ ఈసారి మాట చెవి లోపల ఉంది, దాన్ని ఎత్తుకుపోవడం గాలి తరం కాలేదు. సగానికి వచ్చారు. అమ్మమ్మ చిన్నగా, గొంతు ఎత్తకుండా అంది.

“కాసేపు ఆపు.”

“ఊ,” అన్నాడు తాత. అని, పోనిచ్చాడు.

ముప్పై ఏళ్ల అలవాటు మరి. కాస్త దూరం పోయాక విన్న మాట లోపలికి దిగింది. కాలితో బ్రేకు తొక్కిపట్టాడు. వెనక వ్యాన్ కీచుమంటూ ఆగింది. ట్రేలన్నీ ముందుకు దొర్లాయి. అమ్మ వ్యాన్‌లో ఉండగా ఇదేం పని నాన్నా అని కూతురు గగ్గోలు పెట్టింది.

తాత బండి పక్కకు తీసి, నడుచుకుంటూ వ్యాన్ కిటికీ దగ్గరికి వచ్చాడు. హెల్మెట్ తియ్యలేదు. ఆమె కూడా తియ్యలేదు. మూరెడు దూరంలో ఉండి కూడా హెల్మెట్ మైకుల్లోనే మాట్లాడుకున్నారు.

“ఇదేనా? రోజూ ఆపమనేనా?”

“రోజూ.”

“ఎందుకు?”

“ఎందుకేముంది. నీళ్లు చూద్దామని. అటు పోతే ఎవరిదో మిషన్ ఆగిపోయిందని పరుగు, ఇటు వస్తే ఇల్లు. మనకంటూ ఉన్నది ఇదొక్కటే కదా, ఈ మధ్యలోది.”

రెయిలింగ్ కింద నది మట్టిరంగులో మెల్లగా పోతోంది. ఒడ్డున ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. అన్నేళ్లు దాని మీద తిరిగినా, నది ఇంత వెడల్పని తాత ఎన్నడూ గమనించలేదు. ఆమె చెయ్యి కిటికీ అంచు మీద ఉంది. తన చెయ్యి దాని పక్కన పెట్టాడు. దిగి రెయిలింగ్ పట్టుకుని నిలబడమందామనుకున్నాడు. కర్ర, కాలు గుర్తొచ్చి మింగేశాడు.

వెనక బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. కూతురు అద్దంలో చూస్తూ, ట్రాఫిక్ పోలీసు వస్తే మీ ఇద్దర్నీ చూపించి నేను దిగిపోతానంది.

“ఇక పోదాం పద,” అంది అమ్మమ్మ.

“ఊ,” అన్నాడు తాత.

అని, కదలకుండా అక్కడే నిలబడ్డాడు.