బావి హార్టుంగుల ఏడో తరం

మా ఒత్తిలీ పెద్దమ్మ చదివింది నాలుగో తరగతి. ముప్పై ఏళ్ళు కల్‌ఖోజ్, అంటే సర్కారు ఉమ్మడి వ్యవసాయం, దాని ఆవుల కొట్టంలో పాలు పితికింది. పక్క వరస ఆవులు నావి కాబట్టి ఆవిడ నోటి దురుసు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తిట్టిందంటే ఆవైనా పాలు ఎగ్గొట్టాల్సిందే. కానీ ఆ తలకాయ ఉందే, దానికి మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలి. రష్యాలో ఓల్గా నది ఒడ్డున మా పాత ఊళ్ళో రెండు వందల పదమూడు గడపలు. జర్మనీలో పొలం దొరక్క ఓడలెక్కి, బళ్ళెక్కి వచ్చిన మొదటివాడి దగ్గర్నుంచి ఏ గడపలో ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు ఎవరిని కట్టుకున్నారో, ఏ పసివాడు ఏ జ్వరానికి పోయాడో, అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు.

నలభై ఒకటిలో జర్మనీతో యుద్ధం రాగానే, జర్మన్లమని మమ్మల్ని ఊరు ఖాళీ చేయించి ఈ కజకిస్తాన్ మైదానంలోకి తోలేసినప్పుడు చర్చి పుస్తకాలు అక్కడే ఉండిపోయాయి. పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ వాటిలోనే. ఏమయ్యాయో దేవుడికెరుక. అందుకని ఇక్కడ మావాళ్ళు ఎవరు పోయినా, మట్టి వేసేముందు పెద్దమ్మ గొయ్యి తలవైపు నిలబడి, పోయినవాళ్ళ వంశం మొదటివాడి దాకా చెప్పేది. ఒక్క పేరు తప్పేది కాదు. చలికి కాళ్ళు కొయ్యబారిపోతున్నా మేమెవ్వరం కదిలేవాళ్ళం కాదు. నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది. ఇంతమందిని ఈ ఒక్క మనిషి ఎక్కడ దాచుకుందిరా దేవుడా అనిపించేది.

అదేమన్నా తేలికా? హార్టుంగులే తొమ్మిది ఇళ్ళు. బావి హార్టుంగులు, మేకల హార్టుంగులు, నత్తి హార్టుంగులు... ఇంటికొక జొహాన్ పీటర్.

ఆవిడకి పేచీ ఒక్కరితోనే. లిజ్బెత్ అని, బావి హార్టుంగుల కోడలు. రైల్లో వస్తుండగా లిజ్బెత్ ఐదేళ్ళ కొడుకు గాట్లీబ్‌కి జ్వరం కాసింది. ఏదో స్టేషన్లో జబ్బు పిల్లల్ని దించేశారు, తల్లుల్ని దిగనివ్వలేదు. రైలు కదిలిపోయింది. ఆ మరుసటేడు మొగుడూ సర్కారు బలవంతాన తోలిన అడవి పనిలో పోయాడు. అప్పట్నుంచి హార్టుంగుల్లో ఎవరిని పాతినా, పెద్దమ్మ వరసలో చెప్పేది: "లిజ్బెత్ కొడుకు గాట్లీబ్, ఐదేళ్ళకి దారిలో పోయాడు."

"శవాన్ని చూశావా అక్కా?" అని గొయ్యి దగ్గరే అరిచేది లిజ్బెత్.

"చూళ్ళేదు. బతికుండగా చూసినవాళ్ళున్నారా? ఉంటే తీసుకురా."

"నా బిడ్డని నీ నోటితో పాతెయ్యకు!"

పెద్దమ్మ వినేరకమా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సాక్ష్యం లేనిది చెప్పకూడదట. మరి పోయాడనడానికి సాక్ష్యమేదీ? ఆ మాట నేనడిగితే వారం రోజులు మాట్లాడలేదు.

కొత్త సంవత్సరం పొద్దున మా పిల్లలు ఇంటింటికీ వెళ్ళి గడప బయట దీవెన పద్యం చెప్తారు, ఇంటివాళ్ళు లోపలికి రమ్మని తినడానికి ఏదో ఒకటి పెడతారు. ఆ పొద్దున లిజ్బెత్ ఒక తేనె బిస్కెట్టు కిటికీలో పెట్టేది. ఎవరి పిల్లలొచ్చినా దాన్ని మాత్రం ఇచ్చేది కాదు. పాతికేళ్ళు పెట్టింది. రెండేళ్ళ కిందట పోయింది. ఆమె గొయ్యి మీద పెద్దమ్మ ఏడు తరాలూ చెప్పి, "బావి హార్టుంగుల కొమ్మ ఇక్కడితో ఆగిపోయింది" అంది. నాకు చెంప పగలగొట్టాలనిపించింది.

మొన్న డిసెంబర్ చివర్లో, పొద్దుటి పాలు పితికాక, గుబురు మీసాల మనిషొకడు కొట్టంలోకి వచ్చాడు. ట్రాక్టర్ల మెకానిక్కట. నికొలాయ్ స్తెప్నోయ్ అని రష్యన్ పేరు. మా భాష ముక్క రాదు.

"అనాథాశ్రమంలో పెట్టిన పేరండీ ఇది. నేను జర్మన్ల పిల్లాడినని మాత్రం చెప్పారు. నాకిద్దరు ఆడపిల్లలు. మీ నాన్న ఎవరి కొడుకు అని బళ్ళో అడిగారట. ఏం చెప్పను? మీకు అందరూ తెలుసంటే వచ్చాను."

"ఏం గుర్తుంది?" అంది పెద్దమ్మ, బాల్చీ కడుగుతూ.

"పేర్లేం గుర్తులేవండీ. మంచు గుర్తుంది. ఎవరో చెయ్యి పట్టుకుని ఇంటింటికీ తిప్పారు. నేనేదో అప్పజెప్పేవాణ్ణి, తినడానికి పెట్టేవాళ్ళు."

బాల్చీ ఆగింది. "మొదట ఏ ఇల్లు?"

"ఒంటిచేతి మనిషి. జేబులోంచి వాల్‌నట్లు తీసిచ్చాడు."

నాకేం అర్థం కాలేదు గానీ పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. మా ఆచారం అందరికీ తెలిసిందే. దీవెనకి మొదట బాప్తిస్మంలో ఎత్తుకున్న జ్ఞానతండ్రి ఇంటికి, తర్వాత నాన్నవైపు తాతింటికి, ఆ తర్వాత అమ్మవైపు తాతింటికి వెళ్ళాలి. ఆ వరస తప్పితే వీపు విమానం మోతే. కానీ ఆ వరస పట్టుకుని మనిషి పుట్టుక తీయొచ్చని ఎవరికి తడుతుంది?

"ఒంటిచేతి కొన్రాడ్" అంది. "ఎత్తుకున్న మగపిల్లలు ముగ్గురు. రెండో ఇంట్లో?"

"పెద్ద గోడగడియారం. ఒక తాత నన్నెత్తుకుని దాని గొలుసు లాగించాడు."

"ఒకడికి నాన్నవైపు తాతే లేడు. వాడు కాదు. ఇక ఇద్దరు. మూడో ఇంటికి బండెక్కి వెళ్ళారా?"

"లేదండీ, నడిచే. చిన్న చెక్క వంతెన దాటి. అక్కడొక ముసలమ్మ నా చేతులు తన చంకల్లో పెట్టుకుని వెచ్చజేసింది."

పెద్దమ్మ గడ్డిమోపు మీద కూలబడింది. ఆ మొహం అంత పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఇద్దరిలో ఒకడి తల్లి పొరుగూరి పిల్ల. పదహారు మైళ్ళు, బండి లేందే కుదరదు." బాల్చీ కింద పెట్టింది. "నడిచి వెళ్ళింది రెండోవాడు. వాడు... లిజ్బెత్ కొడుకే, సెల్మా" అంది నాతో.

ఓరి దేవుడా! వాల్‌నట్టు, గొలుసు, చెక్క వంతెన. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, పేడ కొట్టంలో కూర్చుని, మూడంటే మూడు ముక్కలతో మనిషిని చచ్చినవాళ్ళలోంచి లాక్కొచ్చింది. నేను ఏడుస్తున్నానని కూడా నాకు తెలియలేదు.

"మా అమ్మ ఉందా?" అన్నాడతను.

ఆ ప్రశ్నకి నేను తల తిప్పేసుకున్నాను. పెద్దమ్మ తిప్పుకోలేదు. "లేదు నాయనా. రెండేళ్ళు ఆలస్యంగా వచ్చావు. నువ్వు బతికున్నావని ఆమె ఒక్కతే అంది. లేవని నేనన్నాను. కొత్త సంవత్సరం పొద్దున రా."

వచ్చాడు. మోకాళ్ళలోతు మంచు. ఊరు ఊరంతా శ్మశానానికి కదిలింది. పెద్దమ్మ లిజ్బెత్ తలవైపు నిలబడింది. జర్మనీలో హెస్సె నుంచి వచ్చిన మొదటి జొహాన్ పీటర్ దగ్గర మొదలుపెట్టింది. ఆరో తరం దాకా వచ్చి ఆగింది. ఇన్నేళ్ళలో ఆ గొంతు ఆగడం అదే మొదలు.

"లిజ్బెత్ కొడుకు గాట్లీబ్ పోలేదు. తప్పు నాది లిజ్బెత్. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే దిద్దుకుంటున్నాను." అతనివైపు తిరిగింది. "నీ కూతుళ్ళ పేర్లు?"

"వేరా, తమారా."

"గాట్లీబ్ కూతుళ్ళు వేరా, తమారా. ఎనిమిదో తరం." తర్వాత గొంతు తగ్గించి, "ఇక నీ పద్యం చెప్పు. మీ అమ్మ ఎదురుచూస్తోంది" అంది.

ఆ మీసాల మనిషి టోపీ తీశాడు. తనకి అర్థం తెలియని మా భాషలో, ఐదేళ్ళ పిల్లాడి గొంతుతో మొదలెట్టాడు: "గడప ముందు నిలబడ్డాను, కాళ్ళకి మంచు అంటింది..." అక్కడితో ఆగిపోయాడు. మిగతాది గుర్తులేదు. మాలో అందరికీ వచ్చు, ఒక్కరమూ అందించలేదు.

పెద్దమ్మ శాలువా కొంగుమూట విప్పింది. లోపల తేనె బిస్కెట్టు. రాత్రి తానే కాల్చిందట, ఒక పక్క మాడింది. దాన్ని అతని చేతిలో పెట్టి, "ఇంత చాలు. లోపలికి రా" అంది.