పద్నాలుగు తప్పులూ, ఒక పార కామా

ఆ రోజుల్లో మనుషులు పొరపడతారు గానీ కంప్యూటరు పొరపడదని గట్టిగా నమ్మేవాణ్ణి. మదరాసు కాలేజీలో దాన్ని అద్దం తలుపు ఇవతల నుంచి చూడటమే. చిల్లులు పొడిచిన కార్డులు కిటికీలో ఇస్తే మర్నాడు జవాబు కాగితం చేతికొచ్చేది. నా పని టర్బైన్ బ్లేడు. ఆవిరి తాకిడికి ఆ పలచటి రేకు ఎలా వంగుతుందో, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో కంప్యూటరు చేత చెప్పించాలి. తర్వాత అసలు బ్లేడును ఊపి కొలవాలి. రెండూ కలిస్తే పట్టా. కంప్యూటరు నూటపది అంది, కొలిస్తే డెబ్భై ఆరు వచ్చింది. సెలవులయ్యాక కూడా కలవకపోతే ఇంకో ఏడాది ఇక్కడే ఉండవచ్చునని మా ప్రొఫెసరు ఆప్యాయంగానే చెప్పారు.

ఈస్టరు సెలవులకు నరసరావుపేట వస్తూ, ఆయన్ని అడిగి ఆ బ్లేడునూ, అది దిగేసి ఉన్న చక్రం ముక్కనూ తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్నాను. తప్పు ఎక్కడ ఉండవచ్చో పద్నాలుగు అంశాల జాబితా రాశాను. పద్నాలుగూ నా లెక్కలోవే. (జాబితా రాస్తే సగం పని అయినట్టేనని నా నమ్మకం. మిగతా సగం ఎవరు చేస్తారో అందులో ఉండేది కాదు.) నాలుగు రోజుల్లో పదమూడు కొట్టేశాను. అన్నం సయించలేదు. "ఏందిరా, గుడికి రమ్మంటే రావు, ఆ రేకు ముందు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుంటావు" అంది అమ్మ.

ఇంతలో పారకు కామ, అంటే పట్టుకునే కర్ర, వదులైందని, బిగించుకు రమ్మని నాన్న నన్ను వీధి చివర కొలిమికి పంపారు. పరధ్యానంలో తువ్వాలు మూట కూడా చంకలో పెట్టుకుని వెళ్ళాను. కమ్మరి బాబాయి ఆ మూట ఏమిటని అడిగాడు. బూడిదలో బొమ్మ గీసి మరీ పావుగంట వివరించాను. ఆయన ఓపిగ్గా విని, సంతలో కుండను చూసినట్టు బ్లేడును గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"రేకు చానా మంచిది అబ్బాయ్. కాలే కదులుతా ఉంది. మీ పారకొచ్చిన రోగమే దీనికీను."

కాలంటే చక్రంలో దిగి ఉన్న బ్లేడు మొదలు. బ్లేడు చక్రంలోంచి మొలిచినంత గట్టిగా ఉందని నా లెక్క మొదటి వాక్యంలోనే రాసుకున్నాను. అది తప్పుల జాబితాలోకి ఎక్కలేదు, నిజం కదా అని. నేను తేరుకునేలోపే ఆయన సందులో సన్నటి ఇనప ముక్క పెట్టి సుత్తితో దిగ్గొట్టాడు.

"బాబాయ్, అది కాలేజీది."

"కాలేజీదైతే వదులుగా ఉండాలా?"

ఈసారి గోటితో కొడితే ఖంగుమంది. బాబాయి తలూపాడు.

సెలవుల తర్వాత కొలిస్తే నూట ఎనిమిది వచ్చింది. మళ్ళీ కొలిచి, తిన్నగా క్యాంటీనుకు వెళ్ళి వారం రోజుల ఆకలి తీర్చుకున్నాను. ప్రొఫెసరు మాత్రం సుత్తి దెబ్బ మీద వేలు పెట్టి, ఇది ఎవరి పని అన్నారు. పట్టా పోయిందనుకుంటూనే పారతో సహా ఉన్నదంతా చెప్పాను. ఆయన "వదులు కాలికి కూడా లెక్క రాయి" అన్నారు. రాశాను. కంప్యూటరు డెబ్భై ఏడు అంది. పాపం, అది మొదటి నుంచీ అడిగినదానికే జవాబు చెబుతోంది.

ఇప్పటికీ జాబితాలు రాస్తాను. కాకపోతే మొదటి వరస ఖాళీగా వదిలి, ముందు ఆ వస్తువును గోటితో కొట్టి వింటాను. ఏం వినపడాలో నాకు ఇంతవరకూ తెలియలేదు. అయినా తలూపుతాను, బాబాయిలాగే.