మూత మీద చెయ్యి

సత్తెనపల్లిలో మా ఇంటికి వైరింగ్ చేసిన కరెంటు మేస్త్రి అనగానే నాకు ఆయన చెయ్యి గుర్తొస్తుంది. ఏ గదిలోకి వచ్చినా ముందు, తీగలన్నీ కలిసే జంక్షన్ బాక్సు మూతకి, వేడెక్కిందేమోనని చేతి వెనకవైపు ఆనించి చూసేవాడు.

మేం ఫ్రిజ్ కొన్న కొత్తలో, దానికీ నీళ్ళ మోటారుకీ లైన్లు లాగడానికి వస్తూ పెద్ద బాక్సు ఒకటి తెచ్చాడు. ముందు గదిలో కొత్తగా రంగు వేసిన గోడకి అంత డబ్బా బాగోదు, పాత చిన్నదే ఉంచమన్నాను.

"మూత వేలితో నొక్కితే పడాలమ్మా. లోపల తీగలకి చోటుండాలి," అన్నాడు.

నేను వినలేదు. అరచేత్తో మూత నొక్కిపట్టాను. ఆయన స్క్రూలు బిగించాడు.

ఆ ఏడు మంచి ధర వచ్చేదాకా ఆగుదామని పత్తి ఆ గదిలోనే పోశాం. కుప్ప బాక్సు దాకా లేచింది. ఒక మధ్యాహ్నం మోటారు చూడ్డానికి వచ్చిన మేస్త్రి అలవాటుగా మూత మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు.

"పిల్లలెక్కడమ్మా?" గొంతు బాగా తగ్గించి అడిగాడు.

ఇద్దరూ ఆ పత్తి మీదే నిద్రపోతున్నారు. ఆయన మెయిన్ ఆపి, పిల్లల్ని ఎత్తుకెళ్ళి వరండాలో పడుకోబెట్టాడు. తిరిగొచ్చి మూత విప్పితే, లోపల తీగల తొడుగులు కరిగి ముద్దయి ఉన్నాయి. మూతకి అంటుకున్న పత్తి కమిలి గోధుమరంగుకి తిరిగింది.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తన పనిముట్ల సంచి విప్పాడు. నేను వద్దన్న పెద్ద బాక్సు ఇన్ని నెలలుగా అందులోనే మోసుకు తిరుగుతున్నాడు.