వెనక గొంతు

మొన్న కొత్తవలసలో మా చుట్టాలింట పెళ్ళి రిసెప్షన్‌కు వెళ్ళి, భోజనాలకు ఇంకా పిలుపు రాలేదని ముందు వరస కుర్చీలో మా అక్క పక్కన కూర్చున్నాను. వేదిక మీద పాడుతున్నది అక్క కూతురే. దాని కాళ్ళ దగ్గర టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి ఉంది. పెడల్ అంటారట. పాట మధ్యలో కాలితో దాన్ని నొక్కగానే ఆ పిల్ల గొంతు వెనక మరో గొంతు లేచి, పల్లవి చివరి మాటను అందుకుని, మెల్లగా, ఇంకా మెల్లగా హాలు చివరిదాకా తీసుకువెళ్ళి వదిలిపెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటారా? ఒకప్పుడు అది నా పని.

మీరు మా ఈడు వాళ్ళయితే, ఆ రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు తిరిగిన చిన్న చిన్న ఆర్కెస్ట్రాలు గుర్తుండే ఉంటాయి. మా మావయ్యదీ అలాంటిదే. హార్మోనియం, తబలా, ఒక గిటారు, ఒకే ఒక్క మైకు. పెద్ద ఆర్కెస్ట్రాల వాళ్ళకు గొంతును మళ్ళీ మళ్ళీ పలికించే ఎకో మిషన్ ఉండేది, మాకు లేదు. అందుకని మావయ్య ఒక ఉపాయం చేశాడు. మైకు ముందు అక్క, ఆమె వెనక కొంచెం దూరంలో నేను. అక్క చివరి మాట వదలగానే నేను మొహం పక్కకు తిప్పుకుని, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, అదే మాటను అదే శ్రుతిలో అంతకంతకూ తగ్గించుకుంటూ మళ్ళీ మళ్ళీ అనాలి. అక్క ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ మాట దగ్గర గొంతు జారుస్తుందో తెలియకపోతే అది కుదిరే పని కాదు. ఆమె భుజం కదలికను బట్టే నాకు తెలిసిపోయేది.

గరివిడిలో ఒక పెళ్ళిలో పాట అయ్యాక పెళ్ళికొడుకు తండ్రి వచ్చి, "ఏటి బావా, మీ ఎకో మిసను బలే పలుకుతున్నాది, ఓపాలి సూపించు" అని అడిగితే, మావయ్య నవ్వాపుకోలేక, "అదిగో, అరటిపండు తింతన్నాది సూడు మా మిసను" అని నన్ను చూపించాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడ్డ అక్కను చూస్తే నాకు కడుపు ఉడికిపోయేది. దండలు ఆమెకు, ఇంకో పాట పాడమన్న కేకలు ఆమెకు. ఒక్క పాటైనా ముందు నిలబడి పాడతానని మావయ్యను ఎంత బతిమాలానో! "నువ్వు ముందుకొస్తే ఎనకాల ఎవులున్నారే?" అనేవాడు. నిజమే, ఎవరున్నారు?

ఇన్నేళ్ళకు మొన్న ఆ హాల్లో అక్క నా మోచెయ్యి పట్టుకుని, "ఎంత సక్కగా పలుకుతున్నాదే ఆ పెట్టి! మన కాలంలో ఇలాటిది ఉండుంటే ఎంత బాగుణ్ణో" అంది. ఉండుంటేనట! మరి నేనెవర్నే అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

అంతలో ఆ పిల్ల మైకులోనే, "పిన్నీ, ఓపాలి నువ్వొచ్చి పాడు, పెడలు నేను నొక్కుతాను" అని పిలిచింది. కొంగు సర్దుకుని వెళ్ళాను. అక్క ప్రతి పెళ్ళిలోనూ పాడిన పాటనే ఎత్తుకున్నాను. చివరి మాట వదలగానే నా వెనక నా గొంతే లేచింది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాను. స్పీకరు తప్ప అక్కడ ఎవరూ లేరు.

దిగి వచ్చి కూర్చున్నాక అక్క కళ్ళు తుడుచుకుంటూ, "అచ్చం నువ్వు నా ఎనకాల పాడినట్టే ఉన్నాదే" అంది. ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్ళూ ఎదురుచూశానని అప్పుడు తెలిసింది నాకు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఈ కాలంలో ఏ పిల్లా ఇంకో పిల్ల వెనక నిలబడనక్కర్లేదు, మంచిదే. ఆ పెట్టెకు జలుబు చెయ్యదు, శ్రుతి తప్పదు, ఎదుటివాళ్ళ భుజం వంక చూస్తూ ఉండాల్సిన పనీ లేదు. అయినా దాని మీద నా కుళ్ళు పోలేదండీ. ఎప్పుడూ వెనకే ఉండి కూడా, ఒక్క పాటకైనా ముందుకు రావాలని దానికి అనిపించదు.