పేడలో మొలిచిన జొన్నలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక జొన్నల దొంగ ఉండేది. వేరే ఎవరో కాదు, నేనే. ఇంత వయసొచ్చాక చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఆ దొంగతనం తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుకన్నా ముందు సంబరమే ముంచుకొస్తుంది.

నిజాం రాజ్యం పోయి నాలుగైదేళ్లయి ఉంటుంది. మాది తాండూరు పక్క ఊరు. వాకిలి నుంచి పశువుల కొట్టం దాకా కింద పరిచినవన్నీ బండలే. కొట్టంలో ఒక ఎర్రావు ఉండేది. ఈనిన కొత్తలో పూటకు చెంబు నిండా పాలిచ్చేది. ఎండలు ముదిరి, వట్టి జొన్నచొప్ప తప్ప వేరే మేత లేకపోయేసరికి సగం చెంబుకు దిగింది. మా నాయన మాటలు తక్కువ మనిషి. ఒక పొద్దున చెంబులోకి తొంగిచూసి, ఇట్లయితే నెల తిరిగేలోగా తాండూరు అంగడికి తోలేస్తానన్నాడు. ఆయన అన్నాడంటే అన్నట్టే. నా లంగా అంచు ఒకసారి నమిలితే గాని నన్ను బడికి పోనివ్వని ఆవు అది.

నాకు తోచింది నేను చేశాను. మనిషికి తిండి పెడితే బలమొస్తుంది కదా, ఆవుకు పెడితే పాలు రావా? రోజూ మధ్యాహ్నం అమ్మ కునుకు తీసే వేళ, ధాన్యం పోసుకునే గుమ్మిలోంచి ఒడి నిండా జొన్నలు తీసుకుపోయి దాని ముందు పోసేదాన్ని. అది ఇష్టంగా తినేది. నేను పక్కన కూర్చుని, రేపు చెంబు పొంగిపోతుందని మురిసిపోయేదాన్ని. వారం గడిచినా పాలు చుక్క పెరగలేదు.

మా పక్కింట్లో ఒకామె ఉండేది. ఉర్దూలో పిన్ని అన్నట్టు అందరం ఆమెను ఖాలా అనేవాళ్లం. రెండు బర్రెలను మేపి, తాండూరు స్టేషన్ దగ్గర చాయ్ కొట్టుకు పాలు పోసేది. మా ఆవు పేడ కూడా ఆమే తీసుకుపోయి పిడకలు కొట్టుకునేది. ఒకరోజు పేడ పిసుకుతూ పిసుకుతూ ఆగిపోయి, నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "గుమ్మి మీద చెయ్యి పడ్డదా బిడ్డా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె మాత్రం తిట్టలేదు, మా అమ్మను పిలవనూ లేదు. పాత జల్లెడలో పేడముద్ద పెట్టి, నన్ను బిందెతో నీళ్లు పొయ్యమంది. పేడ కరిగి పోతుంటే అడుగున మిగిలాయి, నా జొన్నలు! గింజకు గింజ, పన్ను తగలనట్టే ఉన్నాయి. వాటిని తడి గోనెపట్టాలో మూటకట్టి, మూడు రోజులు తడుపుతూ ఉండమని నా చేతికిచ్చింది. మూడో రోజు విప్పి చూద్దును కదా, కొన్నిటికి తెల్లటి మొలకలు వచ్చాయి. ఆవు నోట్లో పడి, కడుపంతా తిరిగి, బయటికొచ్చిన గింజ మొలకెత్తింది. నేను ఆ మూట పట్టుకుని ఖాలా వాకిట్లో గంతులేశాను.

ఆమె నవ్వి, "నీ జొన్నలు ఆవు కడుపుల తీర్థం జేసి, ఎట్ల పోయినయో గట్లనే తిరిగొచ్చినయి. పలగని గింజ పాలియ్యదు. జర ఇసిరి..." అంటూ ఉంది.

విసరాలన్న మాట చెవిన పడటమే ఆలస్యం, నేను పరుగు తీశాను. ఆమె వెనకనుంచి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. వినడానికి నాకు తీరికేదీ? అమ్మ చేనుకు పోయి ఉంది. ఇసుర్రాయి ముందు కూర్చుని, చేతులు బొబ్బలెక్కేదాకా, రొట్టెల పిండికన్నా మెత్తగా విసిరాను. అది చాలదనిపించి, ఇంట్లో రొట్టెలకని దాచిన పిండి కూడా దులిపేశాను. అంతా గంగాళంలో కలిపి ఒక్కసారే పెట్టాను. ఆవు గంగాళం అడుగు దాకా నాకింది.

తెల్లారి చూస్తే ఆవు తల వేలాడేసి నిలబడి ఉంది. చొప్ప ముట్టలేదు. నెమరు లేదు. పేడ నీళ్లలా జారి పుల్లటి కంపు కొడుతోంది. పరుగున పోయి, పిండి సంగతి చెప్పి, ఖాలాను పిలుచుకొచ్చాను. ఆమె ఆవు ఎడమ డొక్కలో పిడికిలి అదిమి చూసి, నా తల పట్టుకుని నా చెవి అక్కడ ఆనించింది. లోపల ఏ చప్పుడూ లేదు.

"గిక్కడ ఎప్పుడు మిల్లు నడుస్తుండాలె. అంత పిండి ఒక్కపారి వడితే కడుపు పులుస్తది, మిల్లు బంద్ అయితది," అంది.

తినేసోడా నీళ్లలో కలిపి వెదురుగొట్టంతో పట్టించింది. వట్టి చొప్ప తప్ప ఇంకేమీ ముందర పెట్టొద్దంది. ఇంతలో మా నాయన వచ్చాడు. ఏమైందని అడిగితే ఖాలా నా వైపు చూసింది. గుమ్మి దగ్గరనుంచి గంగాళం దాకా అంతా నేనే చెప్పేశాను. నాయన నన్ను కొట్టలేదు. ఆవు పక్కన బండ మీద కూలబడి, దాని చెవి నిమురుతూ ఉండిపోయాడు. నాలుగు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది.

మేం ముగ్గురం పొద్దు వాలేదాకా దాని నోటి వైపే చూస్తూ కూర్చున్నాం. మధ్యలో నేను పదిసార్లయినా చెవి ఆనించి ఉంటాను. ఎప్పుడో, లోపల ఎక్కడో దూరంగా గుడగుడమంది. కాసేపటికి దాని గొంతులో ఒక ముద్ద కిందినుంచి పైకి పాకింది. దవడ పక్కకు కదిలింది. నెమరు! నాయన నన్ను దగ్గరికి లాక్కున్నాడు. ఆయన కళ్లు తడిసి ఉన్నాయి. నేను ఆ దవడ కదలికలు లెక్కపెడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ ఉన్నాను.

ఆవు పూర్తిగా తేరుకున్నాక, మొన్న సగంలో వదిలేసిన పాఠం చెప్పమని ఖాలాను నేనే అడిగాను. జొన్నలు పిండి కాకుండా రెండు మూడు ముక్కలయ్యేలా మాత్రం విసరాలట. నానబెట్టి, కందిపొట్టు, కుసుమ నూనె ఆడగా మిగిలిన చెక్క కాస్త కలపాలట. ముందు చొప్ప తిన్నాకే దాణా. చొప్ప కూడా జానెడు ముక్కలుగా నరకాలి, మరీ సన్నగా తరిగితే నెమరు తగ్గుతుంది. మొదటిరోజు ఒక్క పిడికెడు, ఆ తర్వాత మెల్లమెల్లగా పెంచాలి. ఆ పిడికెడు దగ్గర ఆగడానికి నా ప్రాణం ఎంత కొట్టుకునేదో నాకే తెలుసు.

నాయన చెప్పిన నెల గడువులో ఆఖరి అంగడి రోజు పొద్దున నేను కొట్టం గడప మీదే కూర్చున్నాను. నాయన పాలు పితికి లేచాడు. చెంబు మెడ దాటి నురుగు. ఆయన దాన్ని నా చేతికిచ్చి, "అంగడికి నేనొక్కన్నే పోతున్న. కుసుమ చెక్క తెస్త," అన్నాడు.

నా తొందర బుద్ధి ఇప్పటికీ పోలేదు. ఎవరైనా మంచీచెడూ చెబుతుంటే సగంలోనే అంతా తెలిసిపోయినట్టు లేవబోతాను. అప్పుడు నా చెవికి ఆ చప్పుడు లేని డొక్క తగులుతుంది. మళ్లీ కూర్చుంటాను.